దోమను కనుగొనిన పిమ్మట: రోనాల్డ్ రాస్ జీవితము

తాండూరునుండి వికారాబాదునకు పోవు రైలుదారిలో ధారూరు ఒక చిన్న స్టేషను. ఒకవంక అనంతగిరి కొండలు, వేరొకవంక కాగ్నానది పల్లము. నడుమ ఎర్రనేలలు, నల్లనేలలు, వానకాలమున నిండి వేసవికి ఎండిపోవు కుంటలు. ఈ దారి వాడి జంక్షనునుండి సికిందరాబాదు వరకు 1874లో నైజాము రాజ్యమున తెరచిన ఇనుపదారి. 1895 నాటికి మద్రాసునుండి గాని, బెంగళూరునుండి గాని, బొంబాయినుండి గాని రైలుమీద సికిందరాబాదు కంటోన్మెంటు చేరవలసిన సైనికోద్యోగులకు ఇది ఒక ముఖ్యమార్గముగా నుండెను. ఆ యేటి ఏప్రిలు నెలలో ముప్పదియెనిమిదవ యేట నున్న ఒక సైనికవైద్యుడు సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతిదళమున చేరుటకు వచ్చెను. ఆయన సామానులో ముఖ్యమైనది ఒక చిన్న సూక్ష్మదర్శిని. పేరు రోనాల్డ్ రాస్.

మలేరియాను దోమ మోయుచున్నదని ఆయన సికిందరాబాదులో కనిపెట్టిన కథ పాఠ్యపుస్తకములలో నున్నది. దానిని బాలురెల్లరు ఎరుగుదురు. కాని ఆ కథ 1898లో ముగిసెను. రాస్ 1932 వరకు జీవించెను. మిగిలిన ముప్పదినాలుగేండ్లు ఆయన ఏమి చేసెనను ప్రశ్నను పాఠ్యపుస్తకము వేయదు. కనుగొనిన సంగతిని ప్రభుత్వములచేతను ప్రజలచేతను ఆచరింపజేయుటకును, ఆచరించినచో నిజముగా జ్వరము తగ్గెనా లేదా యని లెక్కవేసి చూచుటకును ఆయన ఆ కాలమంతయు వెచ్చించెను. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టమైనది. అందులో ఆయనకు కలిగిన జయములు కొన్ని, అపజయములు అంతకంటె ఎక్కువ.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయపాదములందలి ఆల్మోరాలో జన్మించెను. తండ్రి క్యాంబెల్ రాస్ భారత సైన్యమున సేనాని. పదిమంది సంతానములో రోనాల్డు పెద్దవాడు. ఎనిమిదవ యేట ఆయనను ఇంగ్లండునకు పంపివేసిరి. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ఇష్టము; వైద్యముపై మనసు లేదు. తండ్రి మాట కాదనలేక 1874లో లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. చదువు అంతంతమాత్రముగా సాగెను. ఒక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడలలో వైద్యుడుగా పనిచేసి, తిరిగి వ్రాసి, 1881లో భారత వైద్యశాఖలో ఉద్యోగము సంపాదించెను. ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో పద్యములు, నవలలు వ్రాయుటయు, తనంతట తాను గణితము నేర్చుటయు ఆయనకు ముఖ్యవ్యాపకములు. ఆనాడు పనికిరాని ముచ్చటగా తోచిన ఆ గణితమే తరువాత ఆయనకు పెద్ద ఆయుధమైనది.

1883లో బెంగళూరునందు జరిగిన ఒక స్వల్పవిషయము ఆయన జీవితమునంతను ముందుగనే సూచించినట్లుండును. ఆయన నివసించిన బంగళాలో దోమల బాధ మెండుగా నుండెను. కిటికీ వెలుపల నున్న ఒక నీళ్లతొట్టిలో దోమపురుగులు ఆడుచుండుట చూచి, తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గెను. సంతోషించి, భోజనశాలయందలి పూలకుండీలలోను తోటతొట్లలోను నీరు నిలువకుండ చేయింపుమని సైనికాధికారి యొకనిని కోరెను. ఆ అధికారి అంగీకరింపలేదు. దోమలను సృష్టించుటకు ప్రకృతికి ఏదో ప్రయోజన ముండకపోదనియు, వానిని సహించుటే మన ధర్మమనియు ఆయన మతము. అప్పటికి దోమకు జ్వరముతో సంబంధమున్నదని రాస్ కే తెలియదు. తన కంటికి కనబడిన ఫలితము ఎదుటివానికి చాలిన సాక్ష్యము కాదని మాత్రము ఆయనకు ఆనాడే తెలిసియుండవలసినది. ఆ పాఠము ఆయన పూర్తిగా ఎన్నడును నేర్వలేదు.

1888లో సెలవుపై ఇంగ్లండు పోయి ప్రజారోగ్యశాస్త్రమున డిప్లొమా పొందెను, సూక్ష్మజీవశాస్త్రము నభ్యసించెను. మరల 1894లో పోయినపుడు ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుని కలిసికొనెను. ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాయందు రోగుల నెత్తుటిలో కనిపెట్టిన మలేరియాజీవిని మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శినిలో చూపెను. అంతకుముందు రాస్ దానిని నమ్మినవాడు కాడు. ఈ జీవి దోమద్వారా వ్యాపించుచున్నదని మాన్సన్ ఊహ. అయితే దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగిన మనుష్యునకు జ్వరము సోకుననియు ఆయన భావించెను. ఊహలో సగము సత్యము, సగము పొరపాటు.

ఆ ఊహను వెంటబెట్టుకొని వచ్చినందున సికిందరాబాదులో రాస్ తొలి నెలలు వృథా అయ్యెను. దోమలు చచ్చిన నీటిని, ఒప్పుకొన్న కొందరిచేత త్రాగించి చూచెను. నేటి దినములలో ఏ వైద్యసంఘమును ఇట్టి పరీక్షకు సమ్మతింపదు. నౌకరు యజమానికి సమ్మతి తెలుపుట నిజమైన సమ్మతియగునా యని అడుగకతప్పదు. ఫలితము తేలలేదు. అంతలో సెప్టెంబరున ప్రభుత్వము ఆయనను బెంగళూరునకు పంపెను. అచ్చట కలరా ప్రబలినది. పట్టణ పారిశుద్ధ్యము ఆయన చేతికి వచ్చెను. మురుగుకాలువలు, బావులు, పెంటకుప్పలు, వానినడుమ బ్రదుకుచున్న జనము, వారిపై ఏ మాత్రమును పట్టులేని పురపాలనము: ఇవి ప్రయోగశాలలో కానరాని వస్తువులు. వ్యాధిని గూర్చి తెలిసికొనుట ఒకటి, ఊరిచేత దానిని నివారింపజేయుట వేరొకటి యని ఆయన అచ్చటనే గ్రహించెను.

1897లో తిరిగి సికిందరాబాదు చేరినపుడు ఆయన పట్టుదల రెట్టింపైనది. నీలగిరులలో జ్వరలక్షణములు వెదకబోయి తానే మలేరియా తెచ్చుకొని వచ్చెను. బేగంపేటలోని చిన్న సైనికవైద్యశాలలో దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచుటయే పని. విసరుకొన్నచో దోమలు ఎగిరిపోవునని పంకా ఆపివేయించెను. చెమటచేత సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటివైపు అద్దము బీటువారెను. రోగులలో హుసేన్ ఖాన్ అనువాడు తెరలోపల కూర్చుండి దోమలచేత కుట్టించుకొనెను. కాటొక్కింటికి ఒక అణా కూలి. ఆగస్టు 20వ తేదీన, మచ్చల రెక్కలుగల ఒక దోమ జీర్ణకోశపు గోడలో, నల్లని రేణువులుగల గుండ్రని కణములు ఆయనకు కనబడెను. మరునాడు చూచిన దోమలో అవి ఇంకను పెద్దవై యుండెను. మనుష్యుని నెత్తుటిలోని జీవి దోమలో పెరుగుచున్నది. ఆ దినమునే నేడు ప్రపంచ దోమదినముగా పాటించుచున్నారు.

నెల తిరుగకముందే ప్రభుత్వము ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసెను. అచ్చట మలేరియా బహుస్వల్పము. మాన్సన్ పట్టుబట్టి చెప్పగా 1898లో కలకత్తాకు మార్చిరి. అచ్చట మనుష్యులకు బదులు పక్షులను తీసికొని, వాని మలేరియా దోమ లాలాజల గ్రంథులను చేరి, అందుండి కాటుద్వారా మరియొక పక్షికి సోకుటను ఆయన ఆ జూలై నాటికి నిరూపించెను. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోయుటను అదే యేడు ఇటలీలో గ్రాసియు, ఆయన తోడివారును చూపిరి. ఎవరిది ముందు అను తగాదా ఆనాడు మొదలై ఇరువురి జీవితములను చేదుచేసెను. దానిని ఇచ్చట విప్పనవసరము లేదు.

1899లో రాస్ భారతదేశమును విడచి, క్రొత్తగా స్థాపించిన లివర్పూలు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఉపన్యాసకుడయ్యెను. పదునెనిమిదేండ్ల ఉద్యోగములో ఆయన కనిపెట్టిన దానిని అనుసరించి భారత ప్రభుత్వము ఒక్క గుంటనైనను పూడ్పించినది కాదు. కావున ఆయన వేరుచోట్ల ప్రయత్నింపవలసివచ్చెను. పశ్చిమాఫ్రికాలోని సియెర్రాలియోనుకు అదే యేడు పోయి జ్వరపుదోమలను గుర్తించెను. 1901లో మరల అచ్చటి ఫ్రీటౌనుకు లోగన్ టెయిలర్ అను వైద్యునితో పోయి, స్కాట్లండు దాత యొకడిచ్చిన సొమ్ముతో కూలివాండ్రను పెట్టి, పగిలిన సీసాలు, డబ్బాలు, కుండపెంకులు బండ్లకొలది ఎత్తించెను. వీధిగుంటలు పూడ్పించెను; పూడ్పరానివానిలో నూనె పోయించెను. దాత సొమ్ము ముగిసిన వెనుక ఆ వేగము నిలువలేదు.

ఆ అనుభవముతోనే 1902లో దోమలను పోగొట్టు దళములను ఏర్పరచుట యెట్లో తెలుపుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఇది పండితులకు వ్రాసినది కాదు. ఊరి పెద్దలకు, పురపాలకులకు, వర్తకులకు వ్రాసినది. ప్రజలు ఏమేమి ఆక్షేపణలు చేయుదురో ముందుగానే ఊహించి, వానికి సమాధానముగా తన ఉద్దేశమునకు హద్దులు గీచినాడు. దేశములోని దోమలనన్నిటిని చంపుట తలపెట్టలేదు. తామున్న ఊరిలోనివానిని తగ్గించుటయే పని. ఊరిలోనైనను ఒక్క దోమయు లేకుండ చేయుట కాదు, వీలైనంత తగ్గించుట. ఎక్కడినుండియో గాలికి కొట్టుకొనివచ్చు నాలుగు దోమలను గూర్చి చింతింపవలదు. ఇంటిపెరటిలో పుట్టువానిని చూడుడు. అసాధ్యమని పలుకువారి నోరు మూయుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదు. ఆరోగ్యప్రచారము చేయువారు నేటికిని తరచుగా దీనికి విరుద్ధముగా, చేయలేనిదానిని వాగ్దానము చేసి, పిమ్మట నవ్వులపాలగుదురు.

పనిని విభజించిన తీరును తెలివైనదే. ఒక ఉత్సాహవంతుడైన అధికారి, ఆయన క్రింద కొలదిమంది కూలీలు. కొందరు ఇంటింటికి పోయి నీటితొట్లను బోర్లించి, పనికిరాని పాత్రలను తీసివేసి, ఇంటివారికి దోమపురుగులను కన్నులార చూపవలెను. కొందరు వీధులలోని గుంటలను, కాలువలను చూడవలెను. పెద్ద సంఘములు, నిధులు, చట్టములు సమకూడువరకు వేచియుండక రేపే మొదలుపెట్టవలెను. నీటిలో ఆడు పురుగే రాత్రి చెవిలో పాడు దోమయని ఒక గాజుగ్లాసులో చూపినవానికి ఉపన్యాసముతో పనిలేదు. నేడు బడిలో నాలుగు దినములు ఒక గ్లాసుపై గుడ్డ కట్టియుంచిన ఉపాధ్యాయునకు ఈ సంగతి తెలియును.

అదే యేడు సూయజు కాలువ కంపెనీవారు ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణమునకు పిలిచిరి. ఎడారిలో కట్టిన ఈ చిన్న పట్టణము, మంచినీటి కాలువ త్రవ్వినది మొదలు జ్వరములపాలైనది. రాస్ సెప్టెంబరులో పోయి చూచి, ఏయే గుంటలు పూడ్పవలెనో, ఏయే మురుగుతొట్లలో నూనె పోయవలెనో చెప్పివచ్చెను. కంపెనీవారి వైద్యాధికారులు తమ లెక్కపుస్తకములను జాగ్రత్తగా ఉంచినవారు. పట్టణమున 1900లో 2,284 జ్వరములు, 1901లో 1,990, 1902లో 1,551. పని జరిగిన వెనుక 1903లో 214, 1904లో 90, 1905లో 37. రాస్ తన జీవితమంతయు ఈ అంకెలను చాటుచుండెను. దోమల పని ఫలించునని చెప్పుటకు ఆయనయొద్ద నున్న ప్రబలమైన సాక్ష్యమిది. 1902 డిసెంబరులో వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము కూడ వచ్చెను. ఆ శాఖలో అది రెండవ బహుమానము మాత్రమే.

జయము ఇట్లుండగా భారతదేశమునుండి అపజయవార్త వచ్చెను. పంజాబులో లాహోరు ప్రక్కనున్న మియాన్ మీర్ కంటోన్మెంటులో, 1902 ప్రాంతమున, జేమ్స్, క్రిస్టఫర్స్ అను ఇద్దరు సైనికవైద్యులు ప్రభుత్వము తరపున దోమల నివారణను పరీక్షింప మొదలిడిరి. గుంటలు పూడ్చిరి, నూనె పోసిరి. కాలువపారుదలగల ఆ నేలలో దోమలును తగ్గలేదు, జ్వరమును చెప్పదగినంత తగ్గలేదు అని తేల్చిరి. ఈ తీర్పు చూపి భారత ప్రభుత్వము దోమల పనికి వెనుకాడెను. క్వినైను పంచిన చాలునను వాదము బలపడెను. అప్పటికే తపాలా కచేరీలలో పైసా పొట్లములుగా క్వినైను అమ్ము పద్ధతి యుండెను. ఆ పద్ధతి సులభము. గుంట పూడ్చుటకు కాంట్రాక్టరు, బడ్జెటు, పొరుగువాని అంగీకారము కావలెను.

రాస్ మండిపడెను. కాని కోపముతోబాటు ఆయన వేసిన ప్రశ్నలు గట్టివి. పని మొదలిడకముందు దోమలెన్ని యుండెనో ఎవరు లెక్కించిరి? తరువాత ఎన్ని మిగిలెనో ఏ పద్ధతిని లెక్కించిరి? శుభ్రపరచిన నేల ఎంత? దానిచుట్టు శుభ్రపరచనిది ఎంత? చేసిన ఖర్చెంత? ఇవి తేలనిదే అపజయమనుట ఎట్లు? పని చాలనందున ఫలింపలేదో, ఫలింపనేరని పని యగుటచేత ఫలింపలేదో తెలియని పరీక్ష పరీక్షయే కాదని ఆయన వాదము. కొలతలేని ఒక చిన్న ప్రయోగము, అసలు ప్రయోగమే జరుగకుండుటకంటె ఎక్కువ కీడు చేసెను. ఏలయన, అది ఏమియు చేయకుండుటకు ప్రభుత్వమునకు ఒక కారణమిచ్చినది.

ఎదుటిపక్షమువారు మూఢులు కారు. క్రిస్టఫర్స్ తరువాత ప్రపంచములోని మలేరియా శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైనవాడు. పంజాబులో మలేరియా విజృంభించిన సంవత్సరములను, వానలతోను ధాన్యపు ధరలతోను పోల్చి 1911లో ఆయన వ్రాసిన నివేదిక, ఆకలిగొన్న జనమునే జ్వరము అధికముగా చంపునని చూపెను. ఎడారిలోని ఇస్మాయిలియాకు సరిపోయినది, నూరుల మైళ్ల కాలువలుగల పంజాబునకు సరిపడకపోవచ్చును. ఈ మాటలో సత్యమున్నది. రాస్ దానిని ఒప్పుకొనుటకు సిద్ధపడలేదు.

అయినను ఆ వివాదము ఆయనచేత ఒక మంచి పని చేయించెను. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో, దోమ పుట్టినచోటునుండి ఎంతదూరము పోవునను ప్రశ్నను ఆయన గణితముగా మార్చి వివరించెను. దోమకు గమ్యము లేదు. ఒకమారు ముందుకు, ఒకమారు వెనుకకు ఎగురును. కావున ఎన్ని మారులెగిరినను పుట్టినచోటునకు దగ్గరగానే చచ్చునవి ఎక్కువ. దూరము పోవునవి తక్కువ. ఒక విశాలమైన మైదానమున సగము భాగములో దోమల పుట్టుక నాపివేసినచో, సరిగా హద్దుగీతమీద దోమలు సగమునకు తగ్గును. లోపలికి పోయినకొలది ఇంకను తగ్గును. శుభ్రపరచిన తావు మరీ చిన్నదైనచో లోపలి భాగమే యుండదు; అంతయు హద్దే. మియాన్ మీర్ లో ఏమి జరిగియుండునో దీనినిబట్టి ఊహింపవచ్చును. తొమ్మిదవ తరగతి విద్యార్థి గళ్లకాగితముమీద నాణెమెగురవేసి ఈ లెక్కను సరిచూచుకొనగలడు.

1907 చివర రాస్ మారిషస్ ద్వీపమునకు పోయి మూడునెలలుండెను. 1866-67 సంవత్సరములలో మలేరియా తొలిసారి విజృంభించి వేలకొలది ప్రజలను పొట్టనపెట్టుకొన్న ద్వీపమది. చెరకుతోటలలో పనిచేయుటకు భారతదేశమునుండి కూలీలుగా పోయినవారే జనములో హెచ్చు. తెలుగువారును వారిలో నుండిరి. కోరంగి రేవునుండి ఓడ లెక్కినందున అచ్చట వారిని కోరంగీలని పిలిచెడివారు. ఈ ద్వీపములో జ్వరమెంతయున్నదో తెలిసికొనుటెట్లు? చావుల పట్టికలు నమ్మదగినవి కావు. ఏ చావునైనను జ్వరమని వ్రాసికొనుటకు గుమాస్తాకు ఒక క్షణము చాలును. ఆసుపత్రికి వచ్చువారు రోగులలో కొందరే. రాస్ పిల్లల కడుపులను తడిమి చూడవలెననెను.

మలేరియా మరల మరల సోకినవాని ప్లీహము, అనగా ఎడమ ప్రక్కటెముకల క్రింది అవయవము, పెరుగును. మన పల్లెలలో దీనిని కడుపులో బల్ల యందురు. ఈ గురుతును కొలతగా వాడుట రాస్ కనిపెట్టినది కాదు. ఉత్తరదేశపు కాలువల ప్రాంతములలో డెంప్స్టరు అను వైద్యుడు 1840ల లోనే వాడెను. రాస్ దానిని ద్వీపమునకంతకు, పాఠశాలలద్వారా, విస్తరించెను. ముప్పదివేలకు పైగా పిల్లలను పరీక్షింపగా మూడవవంతుకు మించి పెరిగిన ప్లీహములు కనబడెను. పెరుగుదలకును అంకెలిచ్చెను: మామూలు పరిమాణము ఒకటి, కొంచెము పెరిగినది మూడు, మధ్యమము ఆరు, చాల పెద్దది తొమ్మిది. సగటు తీసినచో తోటకొక్క అంకె వచ్చును. ఏ తోట ఎంత జ్వరముతో మూలుగుచున్నదో ఆ ఒక్క అంకె చెప్పును. ఈ విధముగా ఆరుమాసములకొకమారు బడిపిల్లలను పరీక్షించుచుండవలెననియు, ఆ అంకె తగ్గినచో పని ఫలించినదనియు, తగ్గనిచో పనివారిని కాక పద్ధతిని మార్చవలెననియు ఆయన సూచన. పనికి పెట్టిన ధనము, పోసిన నూనెపీపాలు, కూలీల హాజరుపట్టీ, ఇవి పని జరిగినదనుటకు సాక్ష్యములు; జ్వరము తగ్గినదనుటకు కావు. ఈ భేదమును ఇంత స్పష్టముగా చూపినవారు ఆయనకు ముందు మిక్కిలి అరుదు.

మారిషస్ నివేదికలోనే మరియొక లెక్క యున్నది. ఒక దోమ జ్వరము మోయవలెనన్న, ముందు రోగిని కుట్టవలెను; పిమ్మట ఆ జీవి దానిలో పండువరకు బ్రదికియుండవలెను; అటుపై ఆరోగ్యవంతుని కుట్టవలెను. ఈ మూడును జరుగు దోమలు కొద్ది. కావున ఊరిలో అనాఫిలిస్ దోమలు మనిషికి సుమారు నలుబదికంటె తగ్గినచో, వ్యాధి తనంతట క్షీణించి పోవునని ఆయన గణితము తేల్చెను. ఆ నలుబది అను అంకె ఊరూరికి మారును. అందులో పట్టింపు లేదు. అట్టి హద్దు ఒకటి ఉన్నదనుటయే క్రొత్త విషయము. దోమలనన్నిటిని చంపలేము గదా యని చేతులు ముడిచికొని కూర్చున్నవారికి, అన్నిటిని చంపనక్కరలేదు, హద్దు దాటించిన చాలును అని అంకెలతో చెప్పగలిగెను. 1910లో ప్రకటించిన మలేరియా నివారణ గ్రంథమున ఈ గణితమును పెంచెను. 1916, 1917 సంవత్సరములలో హిల్డా హడ్సన్ అను గణితవేత్త్రితో కలిసి ఇంకను విస్తరించెను. నేడు అంటువ్యాధులను గూర్చి వేయు అంచనాలకెల్ల, 2020లో కరోనా వేళ వినవచ్చిన వానికిని, ఇది మూలపురుషస్థానము.

ఇంత స్పష్టముగా ఆలోచించినవాని మాట ప్రభుత్వములకేల ఎక్కలేదు? కొంత తప్పు ప్రభుత్వములది, కొంత ఆయనదే. రాస్ పత్రికలకు లేఖలు వ్రాసెను, వర్తకసంఘములలో ఉపన్యసించెను, జ్వరమువలన పోయిన పనిదినములకు వెలగట్టి చూపెను. పత్రికలకెక్కు విద్య ఆయనకు తెలియును. కాని ఒప్పింపవలసిన అధికారినే ఆ లేఖలో పేరుపెట్టి నిందించును. మరునాడు ఆ అధికారి సంతకము కావలసివచ్చును. సహాయకులకును సాటి శాస్త్రజ్ఞులకును తగినంత కీర్తి పంచుటలో ఆయన చేయి పొదుపరి. మశూచి టీకా కనిపెట్టిన జెన్నరుకు పార్లమెంటు ధనమిచ్చిన విషయము జ్ఞాపకముచేసి, తనకును పారితోషికమిమ్మని ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను, వారు నిరాకరించిరి. ఇది లోభముచేత కాదు, శాస్త్రజ్ఞునకు దేశము ఋణపడియున్నదను పట్టుదలచేత అని ఆయన మిత్రులు చెప్పుదురు. అది కొంత నిజమే కావచ్చును. అదే కాలమున పనామా కాలువవద్ద అమెరికా సైనికవైద్యుడు గోర్గాసును, మలయాలో మాల్కం వాట్సనును, ఆయన చూపిన దారినే నడచి, ఎవరితోను కలహింపక, ఎక్కువ పని సాధించిరి.

1911లో సర్ బిరుదము వచ్చెను. 1912లో లివర్పూలు విడిచి లండను చేరెను. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యములకు మలేరియా సలహాదారుగా పనిచేసెను. 1917లో ఆయన పోవుచున్న ఓడ మునిగినను ప్రాణాపాయము తప్పినది. 1923లో తన స్మృతులు ప్రకటించెను. 1926లో ఆయన పేర లండను శివారున పుట్నీలో ఒక పరిశోధనాలయమును, వైద్యశాలయును వెలసెను. 1927 జనవరిలో కలకత్తాలో, తాను పక్షులతో పరీక్షలు చేసిన ఆసుపత్రి ఆవరణమున కట్టిన స్మారకద్వారమును బెంగాలు గవర్నరు తెరచునపుడు రాస్ స్వయముగా నిలుచుండి చూచెను. ఆ యేడే పక్షవాతము వచ్చెను. 1928లో తన కాగితములను, లేఖలను అమ్ముకొనవలసివచ్చెను. 1931లో భార్య రోసా మరణించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన తన పేరుగల ఆ వైద్యశాలలోనే రాస్ కన్నుమూసెను.

ఆయన లెక్కలపుస్తకము మాత్రము మన దేశమున కొంతకాలము తెరువబడియే యుండెను. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలిడునాటికి ఏటేట ఏడున్నర కోట్లమందికి జ్వరము వచ్చుచున్నదనియు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచున్నారనియు అంచనా. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి. 1958లో నియంత్రణ నిర్మూలనగా మారెను. పక్షమునకొకమారు ఆరోగ్యశాఖవారు గడపగడపకు వచ్చి, జ్వరమెవరికని అడిగి, వ్రేలికొన గ్రుచ్చి, గాజుపలకపై నెత్తురుచుక్క తీసికొని, గోడమీద తేదీ వ్రాసి పోయెడివారు. ఆ గోడవ్రాతలు పల్లెలలో పెద్దవారికి ఇంకను జ్ఞాపకముండును. 1965లో దేశమంతటను లెక్కకు వచ్చిన జ్వరములు సుమారు ఒక లక్ష మాత్రమే. వ్యాధి పోయినదని భావించిరి. ధనము తగ్గెను, మందునకు దోమలు అలవాటుపడెను, గడపలు తొక్కువారు అలసిరి. 1976లో 64 లక్షల జ్వరములు నమోదయ్యెను.

బేగంపేటలో రాస్ పనిచేసిన ఇల్లు నేటికిని నిలిచియున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము అధీనమున ఆయన పేరిట పరాన్నజీవశాస్త్ర సంస్థగా పిలువబడుచున్నది. తాండూరు, ధారూరు, వికారాబాదుల మీదుగా ఆ నగరమునకు బండ్లు నేటికిని అదే దారిన పోవుచున్నవి. వానలు పడగానే దారికిరుప్రక్కల పట్టాలవెంబడి గుంటలలో నీరు నిలుచును. శుక్రవారము నీటితొట్లు ఆరబెట్టుడని పల్లెపల్లెన చాటింపు వినబడును. ఆ శుక్రవారమున ఎన్ని తొట్లు చూచిరి, ఎన్నింటిలో పురుగులుండెను, మరుసటి శుక్రవారమున ఎన్నింటిలో మిగిలెను అని ఒక నోటుబుక్కులో వ్రాసికొను బడి ఎక్కడనైన నున్నచో, రాస్ చూచి సంతసించెడివాడు. వ్రాసిన తీరులో ఏదో ఒక తప్పు పట్టకయు మానెడివాడు కాడు.